వెడ్డింగ్ ప్లానర్‌కి అసోసియేషన్ సభ్యత్వం అవసరమా?

మూడేళ్లుగా వెడ్డింగ్ ప్లానింగ్ చేస్తున్నానన్నారు. ఒక వృత్తి సంఘం సభ్యత్వం తీసుకోమంటోందని, ఫీజు బరువుగానే ఉందని, వాళ్ల లోగో పెట్టుకుంటే క్లయింట్లు పెరుగుతారా అని అడిగారు. నేను పన్నెండేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. లోగో చూసి నా దగ్గరికి వచ్చినవాళ్లను లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు. అయినా నేను చేరిన సంఘానికి ఏటా ఫీజు కడుతూనే ఉన్నాను. ఎందుకో చెప్పాలంటే, మొదటిసారి వాళ్లు నా దరఖాస్తు తిప్పి పంపిన సంగతి చెప్పాలి.

ఫారంలో చేసిన పెళ్లిళ్ల వివరాలు, క్లయింట్ల రెఫరెన్సులు, వెండర్ల రెఫరెన్సులు, నేను వాడే కాంట్రాక్టు కాపీ అడిగారు. వీటితో పాటు ఇంకో ప్రశ్న ఉంది: "పెళ్లి రోజు మీరు రాలేకపోతే పని ఎవరు నడిపిస్తారు?" నేను ధీమాగా "అలాంటి పరిస్థితి రాదు" అని రాశాను. ఫారం తిరిగొచ్చింది. నా జవాబు పక్కన పెన్నుతో ఒకే మాట: "వస్తే?"

చిరాకేసింది. కానీ అంతకు ముందు ఏడాదే ఆ పరిస్థితి నాకు వచ్చింది, ఆ సంగతి వాళ్లకు తెలియదంతే. ఒక పెళ్లిలో ఒళ్లు కాలిపోయే జ్వరంతో వెనక గదిలో కుర్చీలో కూలబడ్డాను. అసిస్టెంట్ అమ్మాయి ఐదు నిమిషాలకోసారి పరిగెత్తుకొచ్చేది. "లైటింగ్ అతని నంబరు ఏది?" "ఫొటోగ్రాఫర్‌ని ఎన్నింటికి రమ్మన్నారు?" అన్నీ నా తలలో ఉన్నాయి, మిగతావి నా ఫోన్‌లో. ఫోన్ లాక్ తీయడం నాకొక్కదానికే తెలుసు. పెళ్లి ఎలాగో గట్టెక్కింది గానీ, అది నా ప్రతిభ కాదు, అదృష్టం.

ఇప్పుడు ప్రతి పెళ్లికీ రన్ షీట్ ఉంటుంది. టైము, పని, ఎవరు చేయాలి, వాళ్ల ఫోన్ నంబరు, అవసరమైతే వాళ్ల బదులు ఎవరు. పదిహేను నిమిషాలకో వరుస. వారం ముందు వెండర్లందరికీ పంపిస్తాను, ప్రింటు తీసిన రెండో కాపీ అసిస్టెంట్ చేతిలో ఉంటుంది. నేను లేకపోయినా పెళ్లి ఆగదని కాంట్రాక్టులో కూడా రాశాను, నా బదులు వచ్చేవాళ్ల పేరుతో సహా.

దీనికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టింది కమిషన్ల సంగతి. ఆ సంఘం నియమావళిలో ఒక నిబంధన ఉంది: వెండర్ దగ్గర కమిషన్ తీసుకుంటే ఆ సంగతి క్లయింట్‌కి ముందే రాతపూర్వకంగా చెప్పాలి. మన పనిలో ఇది అందరికీ తెలిసినా ఎవరూ నోరెత్తని విషయం. నేనూ తీసుకున్నాను, దాచడమెందుకు. ఒకసారి డెకరేషన్ కొటేషన్ చూపిస్తుంటే పెళ్లికూతురి అన్నయ్య కాగితం మీంచి తలెత్తకుండానే "ఇందులో మీకెంత?" అన్నాడు. నేను ఒక్క క్షణం ఆగాను. ఆ ఒక్క క్షణంతోనే ఆయనకు జవాబు దొరికిపోయింది. ఆ పెళ్లి పూర్తయ్యేదాకా నేను ఏ వెండర్ పేరు చెప్పినా ఆ ఇంట్లో ఎవరూ నమ్మలేదు, నేను చెప్పింది నిజంగా మంచి వెండర్ అయినా సరే.

ఇప్పుడు నా ఫీజు క్లయింట్ దగ్గరే తీసుకుంటాను. వెండర్ డిస్కౌంట్ ఇస్తే అది క్లయింట్‌కే పోతుంది. కమిషన్ తీసుకోవడమే తప్పని నేననను, చెప్పి తీసుకునేవాళ్లున్నారు, వాళ్ల వ్యాపారం బాగానే నడుస్తోంది. చెప్పకుండా తీసుకుంటేనే గొడవ.

ఇక సర్టిఫికెట్ల మాటకొస్తే, ఇక్కడ చాలామంది మూడు విషయాలను కలిపేస్తారు. కోర్సు పూర్తి చేశాక ఇచ్చే కాగితం ఒకటి. ఫీజు కట్టి, నియమావళికి ఒప్పుకుని చేరే సభ్యత్వం ఇంకొకటి. అనుభవం చూపించి, పరీక్ష రాసి, కొన్నేళ్లకోసారి రెన్యూ చేసుకునే సర్టిఫికేషన్ మూడోది, అన్నిటికన్నా కష్టమైనది. ఈవెంట్ల రంగంలో సీఎంపీ, అంటే సర్టిఫైడ్ మీటింగ్ ప్రొఫెషనల్, ఈ మూడో రకం. 1985లో మొదలైంది, ఐదేళ్లకోసారి రెన్యూ చేసుకోవాలి. కాకపోతే అది ప్రధానంగా సమావేశాలు, కాన్ఫరెన్సులు నడిపేవాళ్లకు. పెళ్లిళ్లకే ప్రత్యేకమైనవంటే అమెరికాలో అసోసియేషన్ ఆఫ్ బ్రైడల్ కన్సల్టెంట్స్, బ్రిటన్‌లో 2004లో మొదలైన యూకే అలయన్స్ ఆఫ్ వెడ్డింగ్ ప్లానర్స్ లాంటివి ఉన్నాయి. ఆ రెండు దేశాల్లోనూ వెడ్డింగ్ ప్లానర్ అని బోర్డు పెట్టుకోవడానికి డాక్టరుకో లాయరుకో ఉన్నట్టు ప్రభుత్వ లైసెన్స్ అక్కర్లేదు. ఎవరైనా పెట్టుకోవచ్చు. అలాంటి చోట ప్లానర్లు తమకు తాము పెట్టుకున్న కట్టుబాటే సంఘం నియమావళి. సంఘానికి మీ మీద ఉన్న అధికారమల్లా సభ్యత్వం తీసేయడం వరకే.

అందుకే డబ్బు కట్టేముందు వాళ్లనే ఒక మాట అడగండి: సభ్యుల మీద ఫిర్యాదు వస్తే ఏం చేస్తారు? ఇప్పటిదాకా ఎవరి సభ్యత్వమైనా తీసేశారా? రెండో ప్రశ్నకి నీళ్లు నమిలితే మీరు కొనేది లోగో ఒక్కటే. ఫీజు కట్టగానే ఏమీ అడక్కుండా చేర్చుకునే సంఘమైతే మరీ అనుమానించండి. నా ఫారం తిప్పి పంపినప్పుడు నాకు కోపమొచ్చింది గానీ, వాళ్ల మీద గురి కుదిరింది కూడా అప్పుడే.

ఇన్సూరెన్స్ సంగతి కూడా కనుక్కోండి. ఏదైనా పడి అతిథికి దెబ్బ తగిలితే పనికొచ్చేది పబ్లిక్ లయబిలిటీ. మీరు తేదీ తప్పు రాసినందువల్ల క్లయింట్ నష్టపోతే పనికొచ్చేది ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ. మొదటిది ఉంటే రెండోది కూడా ఉన్నట్టేనని నేను చాలాకాలం అనుకున్నాను, కాదు. కొన్ని సంఘాలు ఇవి ఉంటేనే చేర్చుకుంటాయి.

ఈ ఏడాది ఫీజుకి చేయి ఆడకపోతే ఆగండి, తొందరేం లేదు. వాళ్ల దరఖాస్తు ఫారం మాత్రం తెప్పించుకుని, పంపకపోయినా సరే, కూర్చుని నింపండి. ఎక్కడ పెన్ను ఆగిపోతుందో చూసుకోండి. నాకైతే ఐదో ప్రశ్న దగ్గర ఆగాల్సింది, ఆగకుండా అబద్ధం రాశాను.