సందేహాలు – సమాధానాలు: ‘ఆడటం అనుమానమే’ అని ఎప్పుడు రాయాలి?

సందేహం: డాలస్‌లో ఉంటూ అక్కడి తెలుగువారి పత్రికకు అమెరికన్ ఫుట్‌బాల్ వార్తలు రాసే పాఠకుడొకరు అడిగారు: “దెబ్బ తగిలిన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ జట్టు దాడిని నడిపే ఆటగాడు) పేరు పక్కన జట్టు ఇచ్చే గాయాల నివేదికలో ‘క్వశ్చనబుల్’ అని ఉంటే, నేను ‘ఆదివారం ఆడటం అనుమానమే’ అని రాశాను. అలా రాస్తే ఆడడనే అర్థం వస్తుందని ఒక మిత్రుడు ఆక్షేపించాడు. కోచ్ ఏ సంగతీ బయటపెట్టనప్పుడు ‘చెప్పలేకపోయారు’ అనవచ్చా? ‘గాయంతోనే ఆడాడు’ అన్న వాక్యం సరైనదేనా?”

సమాధానం: మీ మిత్రుడి ఆక్షేపణ న్యాయమైనదే. ‘అనుమానం’ అన్న నామవాచకం ఒక్కటే ఉంటే అది ఎటూ మొగ్గదు గానీ, దానికి ‘ఏ’ చేరి ‘అనుమానమే’ అయ్యేసరికి మాట ‘జరగదు’ అన్న వైపు ఒరుగుతుంది. ‘ఇవాళ బస్సు రావటం అనుమానమే’ అని ఎవరైనా అంటే మనం ఆటో వెతుక్కుంటాం తప్ప, స్టాపులో నిలబడి ఎదురుచూడం. అమెరికాలో ఈ ఆటకు వృత్తి పోటీలు నడిపే నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ గాయాల నివేదికలో ఈ తేడాకు ప్రత్యేకమైన శ్రేణులే ఉన్నాయి. 2016కు ముందు ‘ప్రాబబుల్’ అంటే దాదాపు తప్పక ఆడతాడనీ, ‘క్వశ్చనబుల్’ అంటే సగం సగమనీ, ‘డౌట్‌ఫుల్’ అంటే నాలుగింట మూడు వంతులు ఆడడనీ లెక్క. ఆ ఏడాది ‘ప్రాబబుల్’ను తీసివేశారు, ఇప్పుడు ‘క్వశ్చనబుల్’ అంటే ఆడతాడో లేదో నిశ్చయం కాలేదని, ‘డౌట్‌ఫుల్’ అంటే ఆడకపోవచ్చునని. కనుక మొదటిదానికి ‘ఆడేదీ లేనిదీ తేలలేదు’ అనీ, రెండవదానికి ‘ఆడటం అనుమానమే’ అనీ రాయండి. ‘అవుట్’ అని ఉంటే ‘ఆడడు’ అన్న ఒక్క మాట చాలు.

మీరు అడగకపోయినా, ఈ వార్తలలో ఇంతకంటే ఎక్కువ చిక్కు తెచ్చిపెట్టే మాట ‘ఆడవచ్చు’. ‘లోపలికి రావచ్చు’ అన్నప్పుడు అది అనుమతి. ‘సాయంత్రం వాన రావచ్చు’ అన్నప్పుడు అది సంభావ్యత. క్రియారూపం ఒకటే. ఏ అర్థంలో వాడామో తెలియాలంటే దాన్ని వ్యతిరేకార్థంలోకి మార్చి చూడాలి: అనుమతికి వ్యతిరేకం ‘ఆడకూడదు’ లేదా ‘ఆడరాదు’, సంభావ్యతకు వ్యతిరేకం ‘ఆడకపోవచ్చు’. (తెలంగాణ పలుకుబడిలో ‘జర కూసోరాదు’ అంటే కూర్చోమని ఆప్యాయంగా అడగటం, రాతలో పొరపాటు పడే ప్రమాదం తక్కువే గానీ, ఆ ప్రాంతపు పాఠకులూ ఉంటారు గనుక ‘ఆడకూడదు’ అన్నదే నాకు ఇష్టం.) వైద్యుడు ‘ఆడవచ్చు’ అన్నారని రాసినప్పుడు, ఆయన పరీక్షించి అనుమతి ఇచ్చారా, లేక ఆడే అవకాశం ఉందని ఊహించారా అన్నది పాఠకుడికి తెలియదు. ఒక మనిషి మోకాలు ఆధారపడిన చోట అంత అస్పష్టతను వదలకూడదు.

వాషింగ్టన్ జట్టు క్వార్టర్‌బ్యాక్ రాబర్ట్ గ్రిఫిన్ ఉదంతంలో వివాదమంతా ఈ ఒక్క క్రియ చుట్టూనే తిరిగింది. 2012 డిసెంబరు 9న బాల్టిమోర్‌తో జరిగిన ఆటలో అతని కుడి మోకాలు బెణికింది. కాసేపటికే మళ్లీ మైదానంలోకి వెళ్లాడు. ఎముకల వైద్యుడు డాక్టర్ జేమ్స్ ఆండ్రూస్ ఆడవచ్చన్నారని కోచ్ మైక్ షానహాన్ మరునాడు చెప్పగా, అతను తిరిగి వెళ్లేముందు తాను మోకాలిని పరీక్షించనే లేదని ఆండ్రూస్ తరువాత ఒక పత్రికకు చెప్పారు. 2013 జనవరి 6న సియాటిల్‌తో ప్లేఆఫ్‌లో గ్రిఫిన్ మొదటి భాగం నుంచే కుంటుతూ ఆడి, చివరి భాగంలో మోకాలు మడతపడి కూలిపోయాడు. మూడు రోజులకే శస్త్రచికిత్స జరిగింది. ఆటలో ఉంచమని అతనే కోరాడనీ, తనకు నొప్పి ఉందే గానీ గాయం కాలేదని వాదించాడనీ కోచ్ వివరణ ఇచ్చారు. నొప్పి ఎంతో చెప్పగలిగినవాడు ఆటగాడే. గాయం ఉందో లేదో తేల్చవలసింది వైద్యుడు. అందువల్ల ఇటువంటి చోట ఆటగాడి మాటను ‘గాయం కాలేదన్నాడు’ అని రాయాలి తప్ప, ‘గాయం కాలేదు’ అని మన మాటగా రాయకూడదు.

అందుచేతనే ‘గాయంతోనే ఆడాడు’ అన్న మీ వాక్యం వ్యాకరణరీత్యా నిర్దుష్టమే అయినా, అక్కడితో ఆపితే వార్త అసంపూర్ణం. తెలుగులో ‘ఆడాడు’, ‘ఆడించారు’, ‘ఆడనిచ్చారు’ అని మూడు రూపాలున్నాయి. మొదటిదానిలో సాహసమంతా ఆటగాడిది, బాధ్యత కూడా అతనిదే. రెండవదానిలో ఒత్తిడి ధ్వనిస్తుంది. గ్రిఫిన్ విషయంలో నేనైతే ‘ఆడనిచ్చారు’ అనే రాస్తాను: ఇరవై రెండేళ్ల కుర్రవాడు ఆడతానన్నాడు, ఆపగల అధికారం ఉన్న పెద్దలు ఆపలేదు.

ఇక కోచ్ మౌనం సంగతి. ‘చెప్పలేకపోయారు’ అంటే ఆయనకు తెలియలేదనో, నోరు రాలేదనో మీరు హామీ ఇచ్చినట్టు అవుతుంది. ఆయనే ‘చెప్పలేను’ అని ఉంటే ‘చెప్పలేనన్నారు’ అనండి. ఏమీ అనకుంటే ‘చెప్పలేదు’ అనండి. ‘దాచారు’ అనటానికి మాత్రం ఆయనకు తెలుసునన్న ఆధారం కావాలి. ఎవరు ఆడేదీ ముందే తెలిస్తే ఎదుటి జట్టు దానికి తగ్గట్టు సిద్ధపడుతుంది, దెబ్బ ఎక్కడో తెలిస్తే అక్కడే గురిపెడుతుంది అన్నది కోచ్‌ల వాదన. అందులో కొంత నిజముంది. అయినా వెల్లడించటం నియమం. 2008లో జెట్స్ క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫార్వ్ చేతి దెబ్బను నివేదికలో చూపనందుకు లీగ్ మరుసటి ఏడాది ఆ జట్టుకు 75,000 డాలర్లు, అప్పటి కోచ్‌కు, జనరల్ మేనేజర్‌కు చెరి 25,000 డాలర్లు జరిమానా వేసింది. అక్కడ ‘చెప్పవలసింది చెప్పలేదు’ అని ధైర్యంగా రాయవచ్చు. దీనికి భిన్నంగా, బిల్ బెలిచిక్ కోచ్‌గా ఉన్న పేట్రియట్స్ జట్టు తన క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ కుడి భుజాన్ని వారం వారం ‘ప్రాబబుల్’ అని చూపుతూ వచ్చింది, అతను ఆడుతూనే వచ్చాడు. దానిని ‘దాచారు’ అనలేం, ‘చెప్పారు’ అన్నా పాఠకుడికి ఒరిగేదేమీ లేదు. అటువంటప్పుడు నివేదికలోని మాటను ఉన్నదున్నట్టు ఇచ్చి, అంతకుముందు ఆటలలో ఏం జరిగిందో ఒక వాక్యంలో చేర్చటమే మేలు.

కనుక మీ వార్తను “మోకాలి దెబ్బ వల్ల ఆదివారం ఆడేదీ లేనిదీ తేలలేదు, వైద్యులు అనుమతి ఇచ్చిందీ లేనిదీ కోచ్ చెప్పలేదు” అని దిద్దుకోండి. ఆటకు 90 నిమిషాల ముందు ఆడనివారి జాబితా వెలువడుతుంది గనుక, అందులో పేరుంటే ‘ఆడడు’ అని నిశ్చయంగా రాయవచ్చు. పేరు లేనంతమాత్రాన మాత్రం ‘ఆడతాడు’ అని రాయకండి. సిద్ధమై వచ్చి ఆసాంతం బెంచీ మీదే కూర్చునేవారూ ఉంటారు.