నార్కట్‌పల్లి ప్లాటుకు బయానా ఇవ్వాలా, నల్లగొండలో ఇల్లు చూడాలా?

ప్రశ్న: మాది నల్లగొండ. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, జీతం 14,000. మా ఆయన మిర్యాలగూడ రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తారు, 38,000 వస్తుంది. ఇద్దరు పిల్లలు. కిరాయి 8,500. బ్యాంకులో ఎఫ్‌డీ 7 లక్షలు ఉంది. నెలకు 10,000 కడుతున్న చిట్టీ మార్చితో అయిపోతుంది, 3 లక్షలు చేతికొస్తాయి. టౌన్‌లో ఇల్లు 46 లక్షలకు తక్కువ ఎవరూ చెప్పడం లేదు. నార్కట్‌పల్లి దగ్గర హైవే పక్క వెంచర్లో 200 గజాలు, గజం 8,500 చొప్పున 17 లక్షలకు ఇస్తామంటున్నారు. ఈ ఆదివారం 5 లక్షలు బయానా, మిగతాది పది నెలల్లో ఇవ్వాలట. ఎల్‌ఆర్‌ఎస్ కట్టేశామని చెప్పారు. తక్కువపడే 7 లక్షలు తెలిసినాయన రెండు రూపాయల మిత్తికి ఇస్తానన్నారు. భూమి మీద పెడితే ఎన్నడూ నష్టం రాదని మా మామయ్య అంటున్నారు. ముందు ప్లాటు కొని, రేటు పెరిగాక అమ్మి ఇల్లు కొనుక్కోవచ్చా?

జవాబు: ఆదివారం బయానా ఇవ్వకండి. ఈ ఒక్క మాట ముందే చెప్తున్నాను, ఎందుకంటే ఇచ్చిన బయానా వెనక్కి రప్పించుకోవడం ఎంత కష్టమో చాలా కుటుంబాల్లో చూశాను.

మొదట మిత్తి సంగతి. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 7 లక్షలకు నెలకు 14,000 కట్టాలి, అందులో అసలు ఒక్క రూపాయి కూడా తగ్గదు. కిరాయి 8,500, చిట్టీ 10,000 కలిపితే నెలకు 32,500. మీ ఇద్దరి సంపాదన 52,000లో నలుగురు బతకడానికి 19,500 మిగులుతుంది. చిట్టీ అయిపోయాక కాస్త ఊపిరి ఆడుతుంది కానీ అసలు 7 లక్షలు అలాగే కూర్చుంటుంది. ప్లాటు ఏడాదికి 24 శాతం పెరిగినా ఆ అప్పు మీద మీకు మిగిలేది ఏమీ ఉండదు.

ఇక "ఎల్‌ఆర్‌ఎస్ కట్టేశాం" అన్న మాట. ఎల్‌ఆర్‌ఎస్ అంటే అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను చార్జీలు కట్టించుకుని క్రమబద్ధీకరించే సర్కారు పథకం. రెండేళ్ల కింద ఒక కుటుంబం ఇలాంటి ఫైలే నా దగ్గరికి తెచ్చింది. ప్లాస్టిక్ కవర్లో జాగ్రత్తగా పెట్టిన రసీదు తీసి చూస్తే 1,000 రూపాయలు. అది దరఖాస్తు ఫీజు మాత్రమే. క్రమబద్ధీకరణ చార్జీలు కట్టి, ప్రొసీడింగ్స్, అంటే మంజూరు ఉత్తర్వు, చేతికొస్తేనే ఎల్‌ఆర్‌ఎస్ అయినట్టు. తర్వాత వాళ్లతో కలిసి ప్లాటు చూడ్డానికి వెళ్లాను. తెల్ల రంగు రాళ్లు సర్కారు తుమ్మ కింద కనపడకుండా పోయాయి. బ్రోచర్లో 33 అడుగుల రోడ్డు. వాళ్లాయన కాలి అడుగులతో కొలిస్తే పదహారు వచ్చింది. ఆమె రసీదు కవరు పట్టుకుని ఆ తుమ్మల మధ్య చాలాసేపు నిలబడింది.

అందుకే మీ ప్లాటుకు అడగాల్సింది ప్రొసీడింగ్స్ కాపీ. 2020 ఎల్‌ఆర్‌ఎస్ ఆ ఏడాది ఆగస్టు 26 లోపు రిజిస్టరైన ప్లాట్లకే వర్తిస్తుంది. 2025లో ఇచ్చిన వెసులుబాటు కూడా ఆ 2020 ఆగస్టు 26 నాటికే కనీసం 10 శాతం ప్లాట్లు అమ్ముడైన లేఅవుట్లకే. ఆ సర్వే నంబరు మీద ఈసీ, అంటే అక్కడ జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం, తీయిస్తే ఏ ప్లాటు ఎప్పుడు రిజిస్టరైందో తెలుస్తుంది. ఒకవేళ "గుంటల్లో రిజిస్ట్రేషన్ చేయిస్తాం" అంటే అక్కడే ఆగిపోండి. గుంట అంటే 121 గజాలు, కానీ కాగితం మీద అది వ్యవసాయ భూమే. దాని మీద ఇంటి పర్మిషన్ రాదు, బ్యాంకు హోమ్ లోన్ ఇవ్వదు.

గజం 8,500కే ఎందుకు వస్తోందో ఆలోచించండి. అప్రూవ్డ్ లేఅవుట్లో 30 అడుగుల రోడ్లు వేయాలి, 10 శాతం స్థలం పార్కుకు వదలాలి, డ్రైనేజీ, కరెంటు స్తంభాలు పెట్టాలి. అవి పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లు అధికారుల దగ్గర తనఖాలో ఉంటాయి. ఈ ఖర్చంతా తప్పించుకున్నవాడు తక్కువకు అమ్మగలడు. అతను వదలని పార్కు స్థలానికి, ప్లాటు విలువలో 14 శాతం చొప్పున, క్రమబద్ధీకరణ రోజున కట్టేది కొన్నవాళ్లే. 2007లో ఒకసారి, 2015లో ఒకసారి, 2020లో ఇంకోసారి ఈ పథకం వచ్చింది. 2020లో 25 లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. ప్రతిసారీ లేఅవుట్ వేసినవాళ్లు ముందే వెళ్లిపోయారు, లైన్లో నిలబడ్డది మీలాంటివాళ్లు. నాకు బాధ కలిగించేది ఇదే. చౌటుప్పల్ నుంచి చిట్యాల, నార్కట్‌పల్లి దాకా హైవే పక్కన ప్లాట్లకు కొదవ లేదు, టౌన్‌లో 50,000 సంపాదించే కుటుంబం కొనగలిగే చిన్న ఇల్లు మాత్రం ఎవరూ కట్టడం లేదు. 200 గజాల్లో పెద్ద ఇల్లు కట్టి 46 లక్షలు చెప్తారు. మీరు విసిగి ప్లాటు వైపు చూశారు, అందులో మీ తప్పేం లేదు.

హైదరాబాద్ చుట్టూ రాబోయే రీజినల్ రింగ్ రోడ్డు పక్కనే అని కూడా చెప్పే ఉంటారు. ఆ రోడ్డు వచ్చేది చౌటుప్పల్ మీదుగా. నార్కట్‌పల్లి అక్కడి నుంచి చిట్యాల దాటి రావాలి. పైగా మీ ఆయన పని మిర్యాలగూడలో, అంటే పూర్తిగా అవతలి దిక్కున. రేపు అక్కడ ఇల్లు కట్టినా మీరు ఉండలేరు.

ఇప్పుడు నేను చెప్పే దారి. నల్లగొండలోనే, పాత అప్రూవ్డ్ లేఅవుట్లో చిన్న ప్లాటు రీసేల్‌కు వెతకండి. 110 గజాలు, గజం 14,000 అనుకుంటే 15.40 లక్షలు. దాంట్లో 650 చదరపు అడుగుల ఇల్లు, అడుగుకు 1,900 వేసుకుంటే 12.35 లక్షలు. రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం, పర్మిషన్, బోరు, మీటరు, గోడ కలిపి మొత్తం దాదాపు 31.5 లక్షలవుతుంది. రెండు బెడ్రూములు ఇరుకుగానే వస్తాయి, పైన ఇంకో అంతస్తు తర్వాత వేసుకోవచ్చు.

మీ 10 లక్షల్లో లక్షన్నర ముట్టుకోకుండా పక్కన పెట్టండి. 23 లక్షలు లోన్. 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు ఈఎంఐ దాదాపు 20,000. ఇప్పుడు కిరాయి, చిట్టీ కలిపి 18,500 కడుతూనే ఉన్నారు కదా, ఆ రెండూ ఆగిపోతాయి కాబట్టి అదనంగా పడేది 1,500. కష్టమంతా కట్టే ఎనిమిది తొమ్మిది నెల్లే: బ్యాంకు విడతలుగా ఇచ్చిన డబ్బు మీద వడ్డీ, దానితోపాటు కిరాయి. వడ్డీ మొదట్లో ఐదారు వేలుంటుంది, చివరికి 16,000 దాకా పోతుంది. చిట్టీ అయిపోయాక మొదలుపెట్టమంటున్నది అందుకే. ఆ లక్షన్నర పక్కన పెట్టమన్నది కూడా ఆ నెలల కోసమే.

పీఎం ఆవాస్ అర్బన్ 2.0 వడ్డీ సబ్సిడీ గురించి బ్యాంకులో తప్పకుండా అడగండి. ఏడాది ఆదాయం 9 లక్షల లోపు, ఇంటి విలువ 35 లక్షల లోపు, లోన్ 25 లక్షల లోపు ఉండి, మీ పేరున గానీ మీ ఆయన పేరున గానీ దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేకపోతే, 1.80 లక్షల దాకా ఐదు విడతల్లో వస్తుంది. పై లెక్కలో దాన్ని కలపలేదు, వస్తే అసలులో కట్టేయండి. ఇందిరమ్మ ఇంటి 5 లక్షల కోసం మాత్రం ఆగకండి. దానికి అడిగే రేషన్ కార్డుకు టౌన్‌లో ఆదాయ పరిమితి ఏడాదికి 2 లక్షలు, మీది 6 లక్షలు దాటింది.

ఈ లోపు ఒక పని ఉంది. మీ ఆయన జీతం చేతికి ఇస్తున్నారా, ఖాతాలో వేస్తున్నారా? చేతికి ఇస్తుంటే ఈ నెల నుంచే ఖాతాలో వేయమని మిల్లులో అడగమనండి. మార్చి నాటికి బ్యాంకు అడిగేది ఆ స్టేట్‌మెంటే. లోన్ ఇద్దరి పేరునా పెట్టండి. మీ బంగారం జోలికి వెళ్లకండి.

అయినా ఆ వెంచర్ మీది నుంచి మనసు మళ్లకపోతే, బ్రోకర్‌ని రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు అడగండి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు అది తప్పనిసరి. రిజిస్టరైన అగ్రిమెంట్ లేకుండా 10 శాతం కంటే ఎక్కువ తీసుకోవడానికి ఆ చట్టం ఒప్పుకోదు. 17 లక్షల్లో 10 శాతమంటే 1.70 లక్షలు. వాళ్లు బయానాగానే 5 లక్షలు అడుగుతున్నారు.

మీ మామగారు మీ మేలు కోరే ఆ మాట అన్నారు. ఆయనతో వాదన పెట్టుకోకండి. ఒక తెల్ల కాగితం తీసుకుని ఒక పక్క చిట్టీ అయిపోయాక కూడా కిరాయి, మిత్తి కలిపి 22,500, అసలు 7 లక్షలు అలాగే అని, ఇంకో పక్క ఈఎంఐ 20,000 అని రాసి, ఆదివారం లోపు ఆయన ముందు పెట్టండి.