మీ ప్రశ్న – మా జవాబు: మ్యాజిక్ నంబర్ ఎనిమిదంటే ఎనిమిది మ్యాచ్‌లా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్, అదే ఎన్‌హెచ్‌ఎల్ గురించే. పిల్లలు టొరంటోలోనో డాలస్‌లోనో ఉన్న ఇళ్ళ నుంచి వచ్చినవే ఎక్కువ. అందుకని ఈ నెల శీర్షిక మొత్తం మ్యాజిక్ నంబర్‌కే, అంటే ఒక జట్టు తన స్థానం ఖాయం చేసుకోవడానికి ఇంకా ఎంత కావాలో చెప్పే అంకెకే ఇచ్చేశాం. పక్కన ఒక చిత్తు కాగితం, పెన్సిలు పెట్టుకుని చదవండి.

ప్రశ్న: మా అబ్బాయి ఫోన్ చేసి "మా టీముకి మ్యాజిక్ నంబర్ ఎనిమిదికొచ్చింది నాన్నా" అన్నాడు. మిగిలినవి ఆరు మ్యాచ్‌లేనట. ఆరింట్లో ఎనిమిది ఎలా గెలుస్తారు? – ఒక పాఠకుడు, అమలాపురం

ఎనిమిది మ్యాచ్‌లు కాదండి, ఎనిమిది పాయింట్లు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఎలా గెలిచినా 2 పాయింట్లు. 60 నిమిషాల ఆటలోనే ఓడిపోతే సున్నా. 60 నిమిషాలకి స్కోరు సమానంగా ఉండి, ఆ తర్వాత ఓవర్‌టైమ్‌లోనో (అదనపు సమయం) షూటౌట్‌లోనో (ఒక్కొక్కరే వచ్చి గోల్‌కీపర్ మీద గోల్ కొట్టే పోటీ) ఓడిపోతే మాత్రం 1 పాయింటు దక్కుతుంది. ఈ ఒక్క పాయింటే ముందు ముందు లెక్కల్లో తికమక పెడుతుంది, గుర్తుంచుకోండి. 2025-26 సీజను వరకు ఒక్కో జట్టుకి 82 మ్యాచ్‌లు. 2026-27 నుంచి 84. ఇక్కడ లెక్కలన్నీ 82కే వేస్తున్నాం.

ఇప్పుడు లెక్క. మీవాడి జట్టు 76 మ్యాచ్‌లాడి 92 పాయింట్ల మీద ఉందనుకోండి. వెనక తరుముతున్న జట్టు 75 ఆడి 85 మీద ఉంది. దానికి మిగిలినవి 7 మ్యాచ్‌లు. అన్నీ గెలిస్తే 14 పాయింట్లు వచ్చి 99కి చేరుతుంది. అంతకుమించి ఎంత ఆడినా రాదు. అంటే 100 పాయింట్లు తెచ్చుకుంటే మీవాళ్ళని ఆ జట్టు పట్టుకోలేదు. 100లోంచి 92 తీసేస్తే 8. అదే మ్యాజిక్ నంబర్. అవతలి జట్టు చేరగలిగిన గరిష్ఠానికి ఒకటి కలిపి, మన పాయింట్లు తీసెయ్యడం, అంతే.

అది రోజురోజుకీ ఎలా తగ్గుతుందో చూడండి. మనం గెలిస్తే 2 తగ్గుతుంది, ఓవర్‌టైమ్‌లో ఓడితే 1. అవతలివాళ్ళు 60 నిమిషాల్లో ఓడితే 2, ఓవర్‌టైమ్‌లో ఓడితే 1. మనం మామూలుగా ఓడినా, వాళ్ళు గెలిచినా అది కదలదు. ఉదాహరణకి, రేపు మనం గెలిచి, వాళ్ళు ఓవర్‌టైమ్‌లో ఓడారనుకోండి. మనం 94. వాళ్ళు 76 మ్యాచ్‌ల్లో 86, గరిష్ఠం 86 + 12 = 98. 99లోంచి 94 పోతే 5. ఎనిమిదిలో రెండూ ఒకటీ పోగా మిగిలింది అయిదే కదా.

ఆరు మ్యాచ్‌ల్లో 12 పాయింట్లు తెచ్చుకునే వీలుంది, కావలసింది 8. అంటే పని ఇంకా మీవాళ్ళ చేతిలోనే ఉంది. మ్యాజిక్ నంబర్ మిగిలిన మ్యాచ్‌లకి రెట్టింపు కన్నా ఎక్కువైతేనే అవతలివాళ్ళు ఓడాలని ఎదురుచూడాలి.

ప్రశ్న: "మొత్తం మ్యాచ్‌లకి ఒకటి కలిపి, మన గెలుపులు, వాళ్ళ ఓటములు తీసెయ్యాలి" అని ఒకచోట చదివాను. హాకీకి వేస్తే పొంతన కుదరడం లేదు. – ఒక పాఠకురాలు, భీమవరం

అది బేస్‌బాల్ సూత్రమమ్మా. అక్కడ గెలుపో ఓటమో, మధ్యలో ఇంకోటి లేదు కాబట్టి సరిగ్గా పనిచేస్తుంది. హాకీలో ఓటమి రెండు రకాలు. పై ఉదాహరణలోని మన జట్టు 41 గెలుపులు, 25 ఓటములు, 10 ఓవర్‌టైమ్ ఓటములతో 92 తెచ్చుకుందనుకోండి. అవతలి జట్టు 38, 28, 9తో 85. బేస్‌బాల్ సూత్రం వేస్తే, ఓవర్‌టైమ్ ఓటములు కూడా కలిపితే 83 – 41 – 37, అంటే 5 గెలుపులు కావాలంటుంది. కలపకపోతే 83 – 41 – 28, అంటే 14 గెలుపులంటుంది. నిజానికి కావలసింది 8 పాయింట్లు, నాలుగు గెలుపులు. రెండు దారుల్లోనూ తప్పే.

ఎన్‌హెచ్‌ఎల్‌లో మామూలు మ్యాచ్ మొత్తం 2 పాయింట్లు పంచుతుంది, ఓవర్‌టైమ్‌కి వెళ్ళిన మ్యాచ్ 3 పంచుతుంది. అందుకే గెలుపులు లెక్కపెట్టడం మానేసి పాయింట్లే లెక్కపెట్టండి.

రెండు జట్లూ ముఖాముఖి తలపడే రోజు ప్రత్యేకంగా చూసుకోవాలి. 60 నిమిషాల్లో మనం గెలిస్తే నంబర్ ఒక్క దెబ్బకి 4 తగ్గుతుంది: మనకి రెండొచ్చాయి, వాళ్ళ గరిష్ఠంలో రెండు పోయాయి. ఓవర్‌టైమ్‌లో గెలిస్తే 3. ఓవర్‌టైమ్‌లో ఓడినా 1 తగ్గుతుంది. 60 నిమిషాల్లో ఓడితే ఏమీ తగ్గదు, పైగా ఒక మ్యాచ్ ఖర్చయిపోతుంది. చివరి వారాల్లో పాయింటు కావలసిన జట్టు, స్కోరు సమానంగా ఉంటే ఆఖరి నిమిషాల్లో వెనక్కి తగ్గి జాగ్రత్తగా ఆడటం చూస్తుంటారే, కారణం ఇదే.

ప్రశ్న: పట్టికలో మావాళ్ళకి సరిగ్గా కిందనున్న జట్టుతో లెక్కేస్తే 8 వచ్చింది. టీవీలో 11 అన్నారు. తప్పెక్కడ? – ఒక పాఠకుడు, పాలకొల్లు

కూడికలు, తీసివేతలు సరిగ్గానే వేశారు, తీసుకున్న జట్టే తప్పు. అందరూ చేసే పొరపాటు కూడా ఇదే, కాబట్టి దీని గురించి కాస్త నెమ్మదిగా చెబుతాం.

కిందనున్న జట్టు అంటే ఇవాళ మన వెనక ఉన్నది. మనకి కావలసింది సీజను చివరికి మనకన్నా పైకి వెళ్ళగలిగినది. మీరు తీసుకున్నది 75 మ్యాచ్‌ల్లో 85 ఉన్న జట్టు, దాని గరిష్ఠం 99. దాని కింద ఇంకొకటి 73 మ్యాచ్‌లే ఆడి 84 మీద ఉందనుకోండి. దానికి 9 మ్యాచ్‌లు మిగిలాయి, గరిష్ఠం 84 + 18 = 102. పట్టికలో ఒక మెట్టు కింద ఉన్నా అసలు ప్రమాదం దానితోనే. 103లోంచి 92 పోతే 11, టీవీవాళ్ళు చెప్పినదే.

కాగితం మీద నాలుగు గళ్ళు గీయండి: జట్టు, పాయింట్లు, మిగిలిన మ్యాచ్‌లు, గరిష్ఠం. మన కిందనున్న ప్రతి జట్టుకీ నాలుగో గడి నింపి, దాని ప్రకారం పెద్ద నుంచి చిన్నకి మళ్ళీ వరస పేర్చండి. ఇవాళ్టి పాయింట్ల వరసని పూర్తిగా మరిచిపోండి.

ఆ కొత్త వరసలో మొదటి జట్టునే తీసుకోవాలా? అది మనం ఎక్కడున్నామన్న దాన్నిబట్టి ఉంటుంది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కడానికి వరసలో ఆఖరి చోటు మీదైతే, వెనకనుంచి ఒక్కడు ముందుకొచ్చినా మీరు ఒడ్డునే ఉండిపోతారు. మీ వెనక ఇంకో చోటు ఖాళీ ఉంటే, ఇద్దరు దాటితే తప్ప మీకు ఇబ్బంది లేదు. ఇదీ అంతే. మనం ప్లేఆఫ్స్‌కి (లీగ్ మ్యాచ్‌ల తర్వాత ట్రోఫీ కోసం జరిగే నాకౌట్ పోటీలకి) వెళ్ళే ఆఖరి స్థానంలో ఉంటే గరిష్ఠాల వరసలో మొదటి జట్టుతో లెక్కెయ్యాలి. మన కింద ఇంకో అర్హత స్థానం ఉంటే రెండో జట్టుతో, రెండుంటే మూడో జట్టుతో.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఒక్క జట్టు దాటితే చాలన్నచోట మ్యాజిక్ నంబర్ కచ్చితం. రెండు జట్లూ దాటాలన్నచోట, ఆ రెండింటికీ మధ్య ఇంకా మ్యాచ్ మిగిలి ఉండవచ్చు. ఇద్దరూ ఒకే మ్యాచ్ గెలవలేరు కదా, కాబట్టి ఇద్దరూ గరిష్ఠానికి చేరలేరు. అలాంటప్పుడు నంబర్ ఇంకా ఒకటో రెండో చూపిస్తుండగానే మనవాళ్ళ స్థానం ఖాయమైపోవచ్చు. అంటే మ్యాజిక్ నంబర్ సున్నా అయితే పని అయిపోయినట్టే, సున్నా కాకపోతే మాత్రం అవలేదని గట్టిగా చెప్పలేం. ఇంత లోతుగా చూడాలంటే మిగిలిన మ్యాచ్‌ల జాబితా ముందు పెట్టుకోవాల్సిందే.

స్థానాల లెక్క కూడా చూసుకోండి. 32 జట్లు, రెండు కాన్ఫరెన్సులు, కాన్ఫరెన్సుకి రెండు డివిజన్లు, డివిజన్‌కి ఎనిమిది జట్లు. ప్రతి డివిజన్‌లో మొదటి మూడు జట్లు నేరుగా వెళతాయి. ఒక్కో కాన్ఫరెన్సులో మిగిలినవాటిలో ఎక్కువ పాయింట్లున్న రెండు జట్లు కూడా వెళతాయి, వాటినే వైల్డ్‌కార్డులంటారు. అందుకే కాన్ఫరెన్సు మొత్తంలో మొదటి ఎనిమిదిలో ఉంటే చాలనుకోవద్దు. ఒక డివిజన్ మరీ బలంగా ఉంటే అందులోంచి అయిదు జట్లే వెళ్ళగలవు. ఆరోదానికి ఎన్ని పాయింట్లున్నా, బలహీనమైన డివిజన్‌లో మూడో స్థానం జట్టు తక్కువ పాయింట్లతో లోపలికి వెళ్ళిపోవచ్చు.

ప్రశ్న: ఆ "ఒకటి కలపడం" ఎందుకు? సమానమైతే చాలదా? – ఒక పాఠకురాలు, రాజోలు

కొన్నిసార్లు చాలుతుంది. పాయింట్లు సమానమైతే ఎవరిది పైచేయి అన్నది తేలనంతవరకు ఒకటి కలపాలి. 2019-20 నుంచి మొదట చూసేది 60 నిమిషాల్లోనే గెలిచిన మ్యాచ్‌లు. అవీ సమానమైతే ఓవర్‌టైమ్ గెలుపులు కలుపుతారు, షూటౌట్ గెలుపులు కలపరు. ఆ తర్వాతే మొత్తం గెలుపులు.

2023-24 సీజను చివరి రోజులు దీనికి చక్కటి ఉదాహరణ. వాషింగ్టన్ క్యాపిటల్స్ 40 గెలుపులు, 31 ఓటములు, 11 ఓవర్‌టైమ్ ఓటములతో 91 పాయింట్లు తెచ్చుకుంది. డెట్రాయిట్ రెడ్ వింగ్స్ 41, 32, 9తో అవే 91. గెలుపులు డెట్రాయిట్‌కే ఒకటి ఎక్కువ. అయినా 60 నిమిషాల గెలుపులు వాషింగ్టన్‌కి 32, డెట్రాయిట్‌కి 27. ప్లేఆఫ్స్‌కి వాషింగ్టన్ వెళ్ళింది. 2024 ఏప్రిల్ 16న వాషింగ్టన్‌తో ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ ఆడుతూ, స్కోరు 1-1 ఉండగానే, దాడికి ఇంకో ఆటగాణ్ణి దింపడానికి తన గోల్‌కీపర్‌ని బయటికి పిలిచేసింది. వాళ్ళకి 60 నిమిషాల్లోపు గెలుపే కావాలి మరి. ఖాళీ గోల్‌లోకి వాషింగ్టన్ ఆటగాడు టీజే ఓషీ పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ) కొట్టాడు, వాషింగ్టన్ 2-1తో గెలిచింది. అదే రాత్రి డెట్రాయిట్ మాంట్రియాల్‌లో షూటౌట్‌లో గెలిచినా లాభం లేకపోయింది.

మీరు చూడాల్సింది ఇది. మన 60 నిమిషాల గెలుపులు 34, అవతలివాళ్ళవి 26, వాళ్ళకి మిగిలినవి 7. అన్నీ అలాగే గెలిచినా 33. కాబట్టి సమానమైతే స్థానం మనదే, ఒకటి కలపక్కర్లేదు. వాళ్ళవి 28 అయితే 35కి వెళ్ళవచ్చు, కలపాలి.

ప్రశ్న: జట్టు పేరు ముందు ఎక్స్, వై, ఇ అని చిన్న అక్షరాలు ఉంటాయి. ఏమిటవి? – ఒక పాఠకుడు, తణుకు

ఎక్స్ అంటే ప్లేఆఫ్స్ ఖాయం. వై అంటే డివిజన్‌లో మొదటి స్థానం ఖాయం. జెడ్ అంటే కాన్ఫరెన్సులో మొదటి స్థానం. పి అంటే లీగ్ మొత్తానికి ఎక్కువ పాయింట్లకిచ్చే ప్రెసిడెంట్స్ ట్రోఫీ. ఇ అంటే అవకాశం పోయింది. ప్రతి లక్ష్యానికీ మ్యాజిక్ నంబర్ వేరే ఉంటుంది. ఎవరైనా నంబర్ చెబితే దేనికి అని అడగండి.

ప్రశ్న: పొద్దున్న ఆరింటికి చూస్తే ఒక నంబర్, పదకొండింటికి ఇంకో నంబర్. ఏది నమ్మాలి? – ఒక పాఠకుడు, నరసాపురం

పదకొండింటిదే. ఏప్రిల్‌లో అక్కడి తూర్పు తీరంలో రాత్రి ఏడింటి మ్యాచ్ మనకి తెల్లవారుజామున 4:30కి మొదలవుతుంది. పడమటి తీరంలో రాత్రి ఏడింటి మ్యాచ్ మనకి ఉదయం 7:30. అది పూర్తయ్యేసరికి పదవుతుంది. మీరు ఆరింటికి చూసినప్పుడు తూర్పు మ్యాచ్‌లు ఇంకా సాగుతున్నాయి, పడమటివి మొదలే కాలేదు. చలికాలంలో ఈ వేళలకి ఇంకో గంట కలపండి.

అప్పటికీ రెండుచోట్ల రెండు నంబర్లు కనిపిస్తే మూడు చూడండి: ఏ జట్టుతో పోల్చారు, సమానమైతే ఎవరిదన్నది లెక్కలోకి తీసుకున్నారా, చెప్పింది పాయింట్లా గెలుపులా. తేడా ఈ మూడింట్లోనే ఎక్కడో దొరుకుతుంది.

ప్రశ్న: మన భారత జట్టు ఆడే ప్రో లీగ్‌కి కూడా ఇదే లెక్క వెయ్యొచ్చా? – ఒక పాఠకురాలు, మండపేట

వెయ్యొచ్చు, అంకెలు మారతాయి. అది మైదానం హాకీ. మామూలు గెలుపుకి 3 పాయింట్లు. స్కోరు సమానమైతే చెరొక పాయింటు, షూటౌట్ గెలిచినవాళ్ళకి అదనంగా ఇంకొకటి. కాబట్టి గరిష్ఠం వెయ్యడానికి మిగిలిన మ్యాచ్‌లని రెండుతో కాకుండా మూడుతో గుణించండి. అవతలి జట్టు మామూలుగా ఓడితే మన నంబర్ 3 తగ్గుతుంది, షూటౌట్‌లో ఓడితే 2. వాళ్ళు షూటౌట్‌లో గెలిచినా 1 తగ్గుతుంది, ఎందుకంటే రావలసిన మూడులో రెండే వచ్చాయి. ఉత్తర అమెరికా మహిళల ఐస్ హాకీ లీగ్ పీడబ్ల్యూహెచ్‌ఎల్‌లో కూడా 3, 2, 1, 0 పద్ధతే, అక్కడ ఓవర్‌టైమ్ గెలుపుకీ రెండే. ఎన్‌హెచ్‌ఎల్‌లో ప్రత్యర్థి వేరే జట్టు మీద గెలిస్తే, ఆ గెలుపు వల్ల మన నంబర్ ఎప్పుడూ కదలదు. ఈ రెండు లీగుల్లో మాత్రం ప్రత్యర్థి గెలుపు వార్త విన్నాక అది 60 నిమిషాల్లోదా, తర్వాతదా అని కూడా కనుక్కుని, అప్పుడు కాగితం మీద అంకె దిద్దండి.