సొల్యూషన్ డబ్బా ముట్టుకోకు, అమ్మడూ

రావులపాలెం
సంక్రాంతి వెళ్లిన మూడో రోజు

అమ్మడూ,

నువ్వు గాలి పడవ కొన్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చెప్పింది అనడం కంటే ఏడ్చింది అనాలి. ఎవరో రిసార్టువాళ్లు వదిలించుకున్న పాత సరుకట. రెండు పొడుగాటి గాలిగొట్టాలు, వాటి మీద అల్యూమినియం చట్రం, చట్రం మీద బల్ల. "అంటే పంటే కదమ్మా, భయమెందుకు?" అన్నాను. సఖినేటిపల్లి రేవులో రెండు పడవలు జత కట్టి మీద బల్లలు పరిస్తే పంటు. నీ దానిలో చెక్కపడవల బదులు గాలి ఉంది, అంతే. ఈ మాటలన్నీ మీ అమ్మ ధైర్యం కోసం. ఫోను పెట్టేశాక నాకు తెల్లవార్లూ కన్ను మూతపడలేదు.

ఎందుకు కొన్నావో అడగను. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద పాతిక లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, మీ అమ్మమ్మగారి లంకలో డాబా మీద నువ్వు మూడు రోజులు పడవ కోసం చూశావు. అలా చూసిన మనిషి మొదటి ఏడాది జీతం పోసి పడవే కొంటుంది. మీ పెద్దమ్మ ఉండి ఉంటే వీధంతా తిరిగి చెప్పుకొనేది. నేను చెప్పుకోలేదు కానీ, షాపుకు వచ్చిన ఇద్దరు లారీ డ్రైవర్లకు మాత్రం చెప్పాను.

ఇక తిట్లు. "చిరుగులు రెండున్నాయి, జూన్‌లోనో జూలైలోనో అతికించేస్తా" అన్నావట. ఎర్రనీరు వచ్చాక జిగురు పట్టుకుంటావా? గాలిలో తేమ ఉంటే పూసిన జిగురు మీద కంటికి కనపడని చెమ్మ పొర కడుతుంది. అతుకు పైకి బాగానే ఉంటుంది, లోపల పట్టు ఉండదు. మాఘ ఫాల్గుణాల్లోనే ఆ పని అయిపోవాలి. అదీ మంచు విడిచి గాలి పొడిబారాక, నీడలో.

ఆ మాట కంటే భయం వేసింది రెండోదానికి. "పెదనాన్న షాపులో సొల్యూషన్ ఉంటుందిగా" అన్నావట. అమ్మడూ, నా పంక్చరు షాపులో ఆ జిగురు డబ్బా ఉంది. దాన్ని ముట్టుకోకు. ఎందుకో చెబుతాను. ఇది మీ నాన్న నీకు చెప్పడు.

2006 ఆగస్టు. ఏటిగట్లకు గండ్లు పడిన వరద అది. నీకు నాలుగేళ్లు. అప్పటికి నేను పంక్చరు షాపు పెట్టి పద్దెనిమిదేళ్లు. లారీ టైర్లు, ట్రాక్టరు ట్యూబులు, ఏదొచ్చినా వేసేవాణ్ణి. నేను వేసిన ప్యాచ్ ఊడిందని తిరిగి వచ్చినవాడు లేడు. ఆ పొగరు ఒంటినిండా ఉండేది. ఒక రాత్రి పదకొండింటికి నలుగురు కుర్రాళ్లు వ్యానులో గాలి పడవ ఒకటి వేసుకొని వచ్చారు. తాటిమట్ట కరుకు తగిలి ఒక గొట్టం జానెడు చీరింది. తెల్లారేసరికి కావాలి, లంకల్లో జనం ఉన్నారు అన్నారు. బయట వాన. నేను ఆలోచించలేదు. టైరుకు గీకినట్టే ఆకురాయితో గీకాను, సొల్యూషన్ పూశాను, లారీ ట్యూబు ముక్క కోసి అంటించి సుత్తితో కొట్టాను. అరగంటలో గాలి పట్టి సబ్బునీళ్లు చల్లితే ఒక్క బుడగ లేదు. డబ్బులిస్తే తీసుకోలేదు. పైగా నేనూ వస్తానన్నాను. లంక దారులు తెలుసు కదా అని మీ నాన్నను నిద్ర లేపి మరీ ఎక్కించుకున్నాను.

రెండుసార్లు జనాన్ని దాటించాం. మూడోసారి తిరిగి వస్తుంటే వాన తెరిపిచ్చి ఎండ కాసింది. పది గంటల ఎండ, నల్లటి ట్యూబు ముక్క. నా కళ్లముందే దాని అంచు నూనెలో అప్పడంలా పైకి లేచింది. బుస్సుమని ఒక్క చప్పుడు. గొట్టం ముందు సగం చప్పబడిపోయింది. జనం భయపడి ఒకేవైపు జరిగారు. మీ నాన్న ఆ వైపు ఉన్నాడు. చెయ్యి చాపాను, అందలేదు.

గొట్టం రెండు గదులుగా ఉండబట్టి, వెనుక సగంలో గాలి నిలబడి, పడవ వంకరగా తేలుతూ గట్టుకు కొట్టుకొచ్చింది. మీ నాన్నను రెండు గంటల తరువాత నాటు పడవవాళ్లు ఒక మామిడికొమ్మ మీద నుంచి దించారు. వేళ్లు విడదీయడానికి ఇద్దరు కావలసి వచ్చారు. ప్రాణాలన్నీ దక్కాయి. ఒక ముసలావిడ ట్రంకుపెట్టె పోయింది, అందులో ఆవిడ పొలం పాస్‌బుక్కులు ఉన్నాయి. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ఊడిన ప్యాచ్ వైపు చూసింది, నా చేతుల వైపు చూసింది. సాయంత్రం ఆ ముక్కను గోటితో లాగి చూశాను. జిగురు లేతపాకంలా తీగలు సాగింది.

తరువాత అటువంటి పడవలు బాగుచేసే మనిషి ఒకాయన చెబితే తెలిసింది. అది రబ్బరు కాదు, పీవీసీ. పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపే నూనెలాంటి పదార్థం మెల్లగా పైకి ఊరుతుంది. రబ్బరు సొల్యూషన్‌ను అది కరిగించేస్తుంది. ఎండ తగిలితే మరీ త్వరగా. పద్దెనిమిదేళ్ల పనితనం ఆ పడవ గుడ్డ ముందు ఎందుకూ పనికిరాలేదు.

2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగినప్పుడు, దాన్ని పైకి తీయడానికి నెల దాటింది. అన్ని రోజులూ మీ ఇంట్లో టీవీ పెట్టనివ్వలేదు మీ నాన్న. పిరికివాడని నవ్వావు. నవ్వింది నువ్వు, సిగ్గుపడింది నేను.

కాబట్టి ముందు నీ పడవ గుడ్డ ఏమిటో తేల్చు. పీవీసీ అయితే లోపలా బయటా ఒకే నునుపు ఉంటుంది. హైపలాన్ అనే రబ్బరు రకం అయితే లోపలి వైపు వేరుగా, మెరుపు లేకుండా ఉంటుంది. కనపడని మూల ఎంఈకే అనే ద్రావకం ఒక చుక్క వేసి వేలు పెట్టు. జిగటగా తగిలితే పీవీసీ. దానికి పాలీయూరిథేన్ జిగురు, హైపలాన్‌కు నియోప్రీన్ జిగురు. రెండూ గట్టిపడే మందు కలుపుకొనేవే కొను, ఒక సీసాలో వచ్చేది వద్దు. ఆ మందు సీసా మూత తీసి నెలలు గడిచిందయితే పారెయ్యి.

ప్యాచ్ చిరుగు దాటి అన్ని వైపులా రెండంగుళాలు ఉండాలి, మూలలు గుండ్రంగా కత్తిరించు. హైపలాన్‌ను గరుకు కాగితంతో రుద్దు, పీవీసీని నాలాగ గీకి చంపకు, ఎంఈకేతో తుడిస్తే చాలు. గాలి తీసి బల్ల మీద చదునుగా పరిచి, రెండు పక్కలా పలచగా పూత వెయ్యి. ఆరనిచ్చి ఇంకో పూత. వేలికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడు కలిపి, మధ్య నుంచి అంచులకు రోలరుతో గట్టిగా నొక్కు. ఒక పగలూ ఒక రాత్రీ గాలి పట్టకు. నేను ఆ రోజు ఇవ్వనిది ఆ ఒక్క రోజే. ఆ ద్రావకాల ఆవిరి మంచిది కాదు, ఆరుబయట చెయ్యి, చేతులకు తొడుగులు వేసుకో, బీడీ కాల్చేవాణ్ణి దరిదాపులకు రానివ్వకు.

అతికించేముందు వాల్వు చూడు. సగం సార్లు చిరుగు కాదు, వాల్వు వదులై ఉంటుంది, లేదా ఇసుక ఇరుక్కొని ఉంటుంది. కుంకుడు నురుగు పూస్తే తెలిసిపోతుంది. బయట ఎక్కడా బుడగ లేకుండా ఒక గది చప్పబడి పక్క గది గట్టిపడుతుంటే మధ్య గోడ పోయిందన్నమాట. అది మన చేతిలో పని కాదు, నాకు ఫోను చెయ్యి.

గాలి మాట చెప్పకపోతే నేను పంక్చరువాణ్ణే కాదు. కారు టైరుకు ముప్ఫై పౌండ్లు. ఇటువంటి గొట్టాలకు మూడున్నర పౌండ్ల లెక్క. నీ దానికి ఎంతో వాల్వు దగ్గర రాసి ఉంటుంది. షాపు కంప్రెసరు పెట్టావంటే చిటికెలో పేలుతుంది. కాలి పంపు వాడు. గదులన్నీ వంతులవారీగా కొంచెం కొంచెం నింపు, ఒకటి నిండుగా మరొకటి ఖాళీగా ఉంటే మధ్య గోడ తెగుతుంది. ఉదయం నింపి ఎండలో వదిలితే లోపలి గాలి ఒత్తిడి పెరుగుతుంది, కొంచెం వదిలెయ్యి. చల్లని నీళ్లలో దించాక మెత్తబడితే మళ్లీ పట్టు.

వాడిన ప్రతిసారీ చట్రం పట్టీలు విప్పి ఇసుక కడుగు. పట్టీ కింద గోదావరి ఇసుక గరుకు కాగితమే. అంతర్వేది వైపు ఉప్పునీళ్లలోకి వెళితే మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరాకే మడత పెట్టు. వాల్వులకు కొబ్బరి నూనె రాసేవు, వద్దు. అన్నిటికంటే ముఖ్యం, కొబ్బరికాయలు రాశి పోసే కొట్లో దాన్ని పెట్టకు. ఎలుకకు నీ జీతం విలువ తెలియదు.

లైఫ్ జాకెట్లు లేనిదే ఎవరినీ ఎక్కించకు. బరువు ఎంత రాసి ఉంటే అంతే, ఎవరు ఏడ్చినా సరే. వరదలో తాసిల్దారు ఆఫీసులో చెప్పకుండా కదలకు.

ఫిబ్రవరి రెండో ఆదివారం వస్తాను. చిరుగు నేను అతికించను. నువ్వు అతికిస్తే కుర్చీ వేసుకొని చూస్తాను. మర్నాడు గాలి పట్టేటప్పుడు మీ నాన్నను పెరట్లోకి పిలువు. పంపు తొక్కడానికి మనిషి కావాలను. పెదనాన్న మోకాళ్లు పనిచేయడం లేదను.

మీ
పెదనాన్న