రోగి ఎదుటే కోప్పడ్డాను, ఇప్పుడు ఆ అమ్మాయి ఏమీ అడగడం లేదు

ప్రశ్న: నేను కోనసీమలోని ఒక ఆసుపత్రి మెడికల్ వార్డులో 12 ఏళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. జి.ఎన్.ఎం. (నర్సింగ్ డిప్లొమా) రెండో సంవత్సరం విద్యార్థినులు ఆరుగురు ఉదయం డ్యూటీకి మా వార్డుకు వస్తారు. పోయిన నెలలో వారిలో ఒక అమ్మాయి మి.లీ.కి 40 యూనిట్లుండే వయల్‌లోని (మందుసీసాలోని) ఇన్సులిన్‌ను, మి.లీ.కి 100 యూనిట్లుండే ఇన్సులిన్ కోసం గీతలు పెట్టిన 100 సిరంజిలోకి లాగి ఇవ్వబోతుండగా ఆపాను. ఆ కంగారులో రోగి ముందే గట్టిగా కోప్పడ్డాను. అప్పటి నుంచి ఆమె ఏ సందేహమూ అడగదు. చెప్పిన పని చేసి గోడవారగా నిలబడుతుంది. ఇంత పని ఒత్తిడిలో వీళ్లకు నేర్పడం ఎలా?
– ఒక సోదరి, అమలాపురం

జవాబు: అమ్మా, మీరు ఆ చేతిని ఆపడం ముమ్మాటికీ సరైన పని. వైద్యులు 20 యూనిట్లు రాసినప్పుడు, మి.లీ.కి 40 యూనిట్లుండే ఇన్సులిన్‌ను 100 సిరంజిలో 20వ గీత దాకా లాగితే వచ్చేది 0.2 మి.లీ., అంటే 8 యూనిట్లే. అదే తారుమారై 100 యూనిట్ల ఇన్సులిన్ 40 సిరంజిలోకి వెళ్తే అదే గీత దగ్గర 50 యూనిట్లుంటాయి; రోగికి షుగరు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఈ లెక్క ఏదీ ఆనాడు ఆ అమ్మాయికి చేరలేదు, మీ కోపం మాత్రం చేరింది.

రేపు డ్యూటీ దిగేముందు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, రోగి ముందు అలా అనకుండా ఉండాల్సిందని ముందుగా మీరే చెప్పండి. దానివల్ల మీ పెద్దరికానికి లోటేమీ రాదు. తరువాత ఎర్రమూత ఉన్న 40 సిరంజినీ, నారింజరంగు మూత ఉన్న 100 సిరంజినీ ఇచ్చి, రెండింటిలోనూ 20వ గీత దాకా నీళ్లు లాగించి, పక్కపక్కన పట్టుకుని చూడమనండి. ఒకదానిలో అర మి.లీ. నీళ్లుంటే రెండోదానిలో అందులో సగమైనా ఉండవు. కళ్లారా చూసిన ఆ తేడా ఆమెకు ఎప్పటికీ గుర్తుంటుంది. పని అయ్యాక ఆ సిరంజిలను సూదులు వేసే తెల్లడబ్బాలో ఆమె చేతనే వేయించండి.

ఆమె మౌనాన్ని మాత్రం తేలికగా తీసుకోకండి. వరికోతల రోజుల్లో మన వైపు పాముకాటు కేసులు వస్తూనే ఉంటాయి కదా. విషం వల్ల రక్తం గడ్డకట్టకుండా పోయిందేమో చూసే 20 నిమిషాల రక్తపరీక్షకు 2 మి.లీ. రక్తాన్ని శుభ్రమైన, పొడిగా ఉన్న గాజుగొట్టంలో పోసి కదపకుండా ఉంచాలి. నా దగ్గర పనిచేసిన ఒక విద్యార్థిని గాజుగొట్టం కనిపించక ప్లాస్టిక్ గొట్టంలో పోసి, నేను కేకలేస్తానని ఆ సంగతి చెప్పలేదు. రక్తం గడ్డకట్టలేదని విరుగుడు మందుకు సిద్ధమవుతుండగా గొట్టం నా చేతికి వచ్చింది కాబట్టి సరిపోయింది; గాజుగొట్టంలో మళ్లీ చేస్తే చక్కగా గడ్డకట్టింది. అంతకుముందు వారం నేను వేసిన కేకలే ఆ పిల్ల నోరు కట్టేశాయని తెలిసి చాలాకాలం బాధపడ్డాను.

ఇక ఒత్తిడి మాట. ఆరుగురికీ రోజూ అన్నీ నేర్పాలని పెట్టుకోకండి. ఉదయం హ్యాండోవర్ (రాత్రి డ్యూటీవారి అప్పగింత) కాగానే ఒక విద్యార్థినికి ఒక పని అప్పగించండి. 500 మి.లీ. సెలైన్ 4 గంటల్లో ఎక్కాలంటే, మి.లీ.కి 20 చుక్కలు పడే సెట్టులో నిమిషానికి సుమారు 42 చుక్కలు రావాలి. ఆ లెక్క ఆమె చేతే కట్టించి, గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెట్టించండి. ఇంజెక్షన్ అయితే మొదలుపెట్టకముందే వరుసక్రమం ఆమె నోటితో చెప్పించుకోండి, రోగిని అడిగి ఒప్పించండి, చేసేటప్పుడు మీరు పక్కనే ఉండండి. మధ్యలో ఆపవలసి వస్తే "ఆగు తల్లీ, ఒకసారి చూద్దాం" అంటే చేయి ఆపాలని అందరికీ ముందే చెప్పి ఉంచండి. తప్పు ఏమిటో మంచం దగ్గర కాకుండా బయటికి వచ్చాక చెప్పవచ్చు.

వారి ట్యూటరుతోనూ మాట్లాడి, ఈ నెలలో వాళ్లు ఏయే పనులు నేర్చుకోవాలో రాయించుకోండి. కళ్లతో చూడని పనికి లాగ్‌బుక్‌లో సంతకం పెట్టకండి. ఆ అమ్మాయి పుస్తకంలో ఇన్సులిన్ గడిని ఇప్పటికి ఖాళీగానే ఉంచి, రెండు సిరంజిల తేడా తానే మీకు వివరించి, మీ ఎదుట రోగికి సరిగ్గా ఇచ్చిన రోజున సంతకం చేయండి.