18 నిండగానే హోమ్ ఖాళీ చేయమంటే

అక్కా, విజయవాడ బాలల హోమ్‌లోని అమ్మాయికి రెండున్నర నెలల్లో 18 నిండుతాయి, ఆ తర్వాత దిక్కేమిటని అడిగారు. జువెనైల్ జస్టిస్ చట్టం 46వ సెక్షన్ కింద ఆఫ్టర్‌కేర్, అంటే హోమ్ వదిలాక నిలదొక్కుకోవడానికి ఇచ్చే సాయం ఉంది. 21 ఏళ్ల దాకా ఇవ్వొచ్చు, ప్రత్యేక పరిస్థితుల్లో ఇంకో రెండేళ్లు. బాలల సంరక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం మార్గదర్శకాల్లో నెలకు 4,000 రూపాయలని ఉంది. అడగకపోతే మాత్రం ఫైలు కదలదు. హోమ్ వదిలే తేదీకి రెండు నెలల ముందే ఆ తర్వాత ఆమెకు ఏ సాయం కావాలో రాసిన ప్లాన్ బాలల సంక్షేమ కమిటీకి చేరాలన్నది నిబంధన. అంటే మీకు మిగిలింది రెండు వారాలే! ఎన్టీఆర్ జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఈ వారమే అమ్మాయి చేత అర్జీ ఇప్పించి, నకలుపై ముద్ర వేయించుకోండి.

డబ్బు మంజూరైనా చేతికి రాకుండా ఆగేది బ్యాంకులో. మైనర్ ఖాతాకు 18 నిండాక కొత్త కేవైసీ, సంతకం ఇవ్వకపోతే లావాదేవీలు నిలిపేస్తారు. ఆధార్‌కు హోమ్ వాళ్ల ఫోన్ నంబరు ఉంటే ఓటీపీ వాళ్లకే పోతుంది, ఇప్పుడే తన నంబరు కలిపించండి. టీసీ, మార్కుల జాబితాల ఒరిజినల్స్ తీసుకోకుండా గేటు దాటనివ్వకండి.