తెరిచిన తలుపు ఒక్కటీ లేని పండగ

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. హాలిఫాక్స్‌ని ఎంచుకున్నందుకు ముందు శభాష్. యూరప్‌లో రెండో ప్రపంచయుద్ధం అయిపోయిన రోజు అనగానే అందరూ లండన్ వీధుల్లోకి పరిగెడతారు. నువ్వు కెనడా తూర్పు తీరంలోని రేవుకి వెళ్లావు. తీరా వెళ్లి, మొదటి వాక్యంలోనే "ఊరు ఊరంతా ఆనందంతో ఉప్పొంగిపోయింది" అని రాసేశావు. నా మొదటి కథలోనూ ఇలాంటి వాక్యమే ఉండేది. ఎడిటర్ గారు దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన "ఎవరు?" అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపారు. నెల రోజులు ఆయన మీద గుర్రుగా ఉన్నాను. ఇప్పుడు అదే నిన్ను అడుగుతున్నాను. ఎవరు?

1945 మే 7న జర్మనీ లొంగిపోయిందన్న కబురు చేరేసరికి హాలిఫాక్స్‌లో ఒకటి కాదు, రెండు ఊళ్లున్నాయి. ఒకటి పాతకాపులది, ఇంకోటి నేవీ వాళ్లది. అట్లాంటిక్ దాటాల్సిన కాన్వాయ్‌లు, అంటే కాపలాతో గుంపుగా వెళ్లే ఓడలు, ఎన్నో ఆ రేవు నుంచి బయల్దేరేవి. వేలకు వేలు నావికులు వచ్చి పడ్డారు. అద్దెకి గది దొరకదు, దొరికినా అద్దె మండిపోతుంది. తిండికి క్యూ, సినిమాకి క్యూ. మమ్మల్ని పిండుకుంటున్నారని నావికులకు కడుపుమంట, మా ఊరు మాది కాకుండా పోయిందని ఊరివాళ్లకు విసుగు. నీ కథలో ఈ రెండూ లేవు. అందుకే మూడో పేజీలో గొడవ మొదలవగానే అది ఎక్కణ్ణుంచి ఊడిపడిందో నాకు తెలియలేదు.

ఆ పండగకి పెద్దలు చేసిన ఏర్పాటు ఏమిటో తెలుసుగా? అల్లర్లు రాకూడదని మద్యం దుకాణాలు మూయించారు. హోటళ్లు, సినిమా హాళ్లు కూడా మూతపడ్డాయి. ఒక్కో నిర్ణయాన్ని విడిగా చూస్తే తప్పుపట్టలేం. వంటవాడికీ, టికెట్లమ్మేవాడికీ మాత్రం పండగ వద్దా? కానీ అన్నీ కలిపి చూడు. యుద్ధం ముగిసింది, జేబులో జీతముంది, వీధినిండా కుర్రాళ్లు, తెరిచిన తలుపు ఒక్కటీ లేదు. నీ కథ ఆ మూసిన తలుపు దగ్గర మొదలవ్వాలి. నువ్వేమో బాణసంచా దగ్గర మొదలుపెట్టావు.

ఆ రాత్రే ఒక ట్రామ్ తగలబడింది, మద్యం దుకాణాల తలుపులు విరిగాయి. మర్నాడు, మే 8న, విజయోత్సవం రోజు, నేవీ మళ్లీ వేలమందిని ఒడ్డుకి వదిలింది. సారా దుకాణాలు, బీరు తయారయ్యే బ్రూవరీ, తర్వాత మామూలు షాపులు. 500కు పైగా వ్యాపారాలు దెబ్బతిన్నాయి, 200కు పైగా షాపులు లూటీ అయ్యాయి. నువ్వు ఈ అంకెలన్నీ ఒక పేరాలో కుక్కావు. తీసెయ్. ఒక్క షాపు చాలు. నీ నావికుడు అద్దం పగలగొట్టి బూట్ల జత ఎత్తుకుపోయాడని రాశావు చూడు, అక్కడ నాకు నవ్వొచ్చింది. షోకేసులో మామూలుగా ఒంటికాలి బూటే పెడతారమ్మా! రెండోది లోపల పెట్టెలో ఉంటుంది. వాడు కుడికాలి బూటు చంకలో పెట్టుకుని, గాజుపెంకుల మీద నిలబడి, జోడు కోసం చీకటి షాపులోకి తొంగి చూస్తున్నాడనుకో. ఆ రోజంతా అందులోకి వచ్చేస్తుంది.

లూటీ చేసింది నావికులొక్కరే కాదు. ఊరివాళ్లూ చేతులు కలిపారు. నీ కథలో ఊరివాళ్లంతా కిటికీల వెనక వణుకుతూ కూర్చున్నారు, అది కుదరదు. అక్కడి నేవీకి పెద్దగా ఉన్న అడ్మిరల్ మర్రేని విలన్‌ని చేయడం కూడా నాకు నచ్చలేదు. విచారణ సంఘం తప్పు నేవీ నాయకత్వం మీద పెట్టింది, ఆయన పదవి పోయింది. నిజమే. కానీ ఆ యుద్ధంలో మిత్రదేశాల తరఫున ఒక యుద్ధరంగం మొత్తానికి కమాండ్ చేసిన కెనడా మనిషి ఆయనొక్కడే. తర్వాత ఇంగ్లండ్ వెళ్లి లా చదువుకుని లాయరయ్యాడు. విచారణ సంఘం తీర్పు చెప్పేసింది, మళ్లీ నువ్వెందుకు చెప్పడం? ఆ సాయంత్రం ఆయన ఆఫీసు గదిలో లైటు వెలుగుతోందని రాసి ఊరుకో.

ఇంకొకటి, నీ దృష్టికి రాలేదనుకుంటాను. అంతకు మూడు వారాల ముందు, ఏప్రిల్ 16న, హాలిఫాక్స్ రేవు ముంగిట్లోనే ఎస్క్వైమాల్ట్ అనే కెనడా మైన్‌స్వీపర్‌ను (సముద్రంలో మందుపాతరలు ఏరే ఓడ) యు-190 అనే జర్మన్ సబ్‌మెరైన్ ముంచేసింది. 44 మంది పోయారు. చాలామంది చల్లటి నీళ్లలో, సాయం కోసం గంటల తరబడి చూసి చూసి పోయారు. వాళ్లతో గ్లాసు కలపాల్సిన స్నేహితులెవరో ఆ మే 8న వీధిలో ఉండే ఉంటారు కదా. నీ నావికుడు వాళ్లలో ఒకడైతే? ఆ సంగతి వాడి నోట చెప్పించకు. బీరు పెట్టె భుజాన పెట్టుకుని వీధి దిగుతుంటే కింద సముద్రం కనిపిస్తుంది. వాడు అటు చూడకుండా పక్క సందులోకి తిరుగుతాడు. అంతే.

ఊరు గాజుపెంకులు ఊడ్చుకుంటున్న ఆ వారంలోనే యు-190 కూడా లొంగిపోయింది. ఇది కథలో వాడాలా వద్దా అని నేనూ ఆలోచిస్తున్నాను. నువ్వు ఒకసారి రాసి చూడు. ట్రామ్ సీను మాత్రం కదపకు, బాగా కుదిరింది.

ఈసారి పేజీ నంబర్లు వేసి పంపు. పోయినసారి నాలుగో పేజీ తర్వాత ఏడోది చదివి, ఇదేదో కొత్త శిల్పం అనుకున్నాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు